మార్జిపాన్ అని రాసిన అట్టముక్క

మూడేళ్ల కిందటి నవంబరులో తలా ఒక వంట తెచ్చే మా ఆఫీసు పాట్‌లక్‌కి జీడిపప్పు బిళ్ళలు చేసి పట్టుకెళ్లాను. లాస్ కొలినాస్‌లో మా ఆఫీసు ఉన్నది నాలుగో అంతస్తులో. అక్కడి బ్రేక్‌రూమ్‌లో పొడుగాటి బల్ల వేసి, ఎవరు తెచ్చిన వంట ముందు వాళ్ల వంట పేరు రాసిన అట్టముక్క నిలబెడతారు. నా పళ్లెం పెట్టి, ఒక మీటింగ్‌కి వెళ్లి వచ్చేసరికి దాని ముందు కూడా ఒకటి వెలిసింది. ‘ఇండియన్ మార్జిపాన్’ అని గుండ్రటి అక్షరాలు, పక్కన ఒక నవ్వు బొమ్మ. మార్జిపాన్ అంటే బాదంపప్పు, పంచదార కలిపి రుబ్బి చేసే తెల్లవాళ్ల మిఠాయి.

నాకు ఒళ్లు మండింది.

ఆ బిళ్ళలు మా అమ్మవి. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో అమ్మ పిక్కలు కొట్టేది. పిక్కలోంచి కారే జీడి తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. బూడిద రాసుకుని కొట్టినా ఆ నలుపు వదిలేది కాదు. క్రిస్మస్‌కి మాత్రం విరిగిన బద్దలు ఇంటికి తెచ్చి, మెత్తగా దంచి, పాకంలో కలియబెట్టి బిళ్ళలు కోసేది. చర్చిలో అందరికీ పంచమని పళ్లెం నా చేతికిచ్చి, తన చేతులు కొంగు కింద దాచుకునేది. అలాంటిదానికి ఇక్కడెవరో ఒక్క నిమిషంలో వేరే పేరు పెట్టేశారు.

రాసింది హెచ్‌ఆర్‌లో పనిచేసే ఆవిడ. వెళ్లి అడిగాను.

“ఇది మార్జిపాన్ కాదు. దీనికి పేరుంది. నన్ను అడిగి ఉండాల్సింది.”

“ఉంటుంది హనీ. కానీ చూడగానే జనానికి అర్థం కావాలి కదా? పైగా అది పొగడ్తే!”

పొగడ్తట! అట్టముక్క తీసి బ్యాగులో పడేసుకున్నాను. అంతలో మా టీమ్‌లోని జర్మన్ పెద్దాయన ప్లేటు పట్టుకుని వచ్చాడు. మనిషి మంచివాడే. ఒక బిళ్ళ నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి తీర్పు చెప్పాడు.

“బాగుంది. కానీ అసలు మార్జిపాన్‌లో బాదం ఉండాలి. దీన్ని కాపీ అనొచ్చేమో.”

“ఏది దేనికి కాపీ?” అన్నాను. గొంతు లేచిందని నాకే తెలిసింది.

ఆయన ఓపిగ్గా కథ చెప్పాడు. పూర్వం వాళ్ల వైపు కరువొస్తే, పిండి నిండుకుని, మిగిలిన బాదంపప్పుతోనే రొట్టె చేశారట. సెయింట్ మార్కు పేరు మీద దానికి ‘మార్కు రొట్టె’ అని పేరొచ్చిందట. వాళ్ల నాన్నమ్మ చెప్పిందట. నేను సీటుకి వచ్చేశాను. ఆ పూట ఒక్క లైను కోడ్ కూడా సరిగ్గా రాయలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచి ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. చదివేకొద్దీ కోపం ఇంకో దారి పట్టింది. ఇటాలియన్‌లో మార్జపానే, స్పానిష్‌లో మాసపాన్, ఫ్రెంచిలో మాస్‌పాఁ, పోర్చుగీసులో మాసపాఁవ్, పాత ఇంగ్లీషులో మార్చ్‌పేన్. అర్థం తెలియని మాటకి ఎవరి భాషలో రొట్టెకున్న మాటను (పానే, పాన్, పాఁ) వాళ్లు చివర అతికించుకుని, మాదే అని తలా ఒక కథ అల్లుకున్నారు. స్పెయిన్‌లోనైతే సన్యాసినులు గదతో దంచారట, అందుకని ‘గద రొట్టె’ అట. ఇంతకీ ఇటలీలో ఆ మాటకి మొదట తీపి అనే అర్థమే లేదు. మిఠాయిలు పెట్టి పంపే చిన్న పెట్టె పేరది. పెట్టె పేరు లోపలి సరుకుకి అంటుకుంది. పెట్టెకి ఆ పేరెలా వచ్చిందో పండితులకే తేలలేదు. కొందరు అరబ్బీ మాట అన్నారు. కొందరు బర్మా తీరంలోని మర్తబాన్ రేవు అన్నారు, అక్కడి నుంచి నున్నటి జాడీలు ఓడలెక్కేవి కాబట్టి.

మా ఆయనది హైదరాబాద్. నేను పైకి చదువుతుంటే విని వంటగదిలోంచే అడిగారు.

“మర్తబానా? మా పక్కింటి ఖాలా మామిడికాయ తొక్కు పెట్టే జాడీని గట్లనే అంటుండె. మర్తబాన్ దింపు బిడ్డా, అనేది.”

“చూశారా? మన వైపు జాడీ పేరు తీసుకెళ్లి, మనది కాపీ అంటారా?”

“అరే, డౌట్ అని రాసిన్రు గదా. నువ్వు ఫిక్స్ అయిపోతవేంది?”

ఆ మాట నిజమే. నిజమైనందుకు ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు జర్మన్ పెద్దాయనకి ఇదంతా చెప్పాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

“అయితే మా నాన్నమ్మ చెప్పింది అబద్ధమా?”

“నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. కానీ మా అమ్మ చేసినదాన్ని కాపీ అనకు.”

“సారీ,” అన్నాడు. మొహం చిన్నబోయింది. నాకు గెలిచినట్టు అనిపించలేదు.

పక్క సీటులో ఉండే మెక్సికన్ స్నేహితురాలు అంతా వింది. కుర్చీ నా వైపు తిప్పింది.

“మరి నా తమాలెస్ సంగతి? నాలుగేళ్లుగా వాటిని మెక్సికన్ ఇడ్లీ అంటున్నావు.”

మొక్కజొన్న పొత్తు మీది ఆకులో పిండి చుట్టి, ఆవిరి మీద ఉడికించి, ప్రతి డిసెంబరులో మాకందరికీ తెచ్చేది. తను ఎదురుగా ఉండగానే అలా అనేదాన్ని. తను నవ్వేది. అది ఒప్పుకున్న నవ్వనే అనుకున్నాను.

“చెప్పొచ్చుగా?”

“ఎన్నిసార్లు చెప్పమంటావ్? నువ్వేమో నవ్వుతూ అనేదానివి.”

 మీ ఇంట్లో వాటిని ఏమంటారని అడిగాను. ఒక్కటైతే తమాల్, ఎక్కువైతే తమాలెస్ అంది. ‘తమాలీ’ అనేది ఇక్కడివాళ్లు చెడగొట్టిన మాటట. అది చెబుతుంటే తన గొంతులోనూ నిన్నటి నా గొంతే వినిపించింది.

మరుసటి ఏడు నా అట్టముక్క నేనే రాసుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో ‘జీడిపప్పు బిళ్ళలు’ అని, కింద జీడిపప్పు, పంచదార, యాలకులు అని. హెచ్‌ఆర్ ఆవిడ పెన్ను పట్టుకునే వచ్చింది.

“కింద చిన్నగా ఇండియన్ మార్జిపాన్ అని కూడా వేద్దామా?”

“వద్దు. పేరు పలకండి.”

“జెడై...”

“జీడి.”

క్యూలో నలుగురు నిలబడి చూస్తున్నారు. ఆవిడ మొహం ఎర్రబడింది. నేను కదల్లేదు. మూడోసారికి ‘జీడి’ వచ్చింది, ‘బిళ్ళలు’ మాత్రం రాలేదు. అప్పుడు పళ్లెం మీది మూత తీసి పక్కకి జరిగాను.