ఎవెలియో జావాలో తరిగిపోయిన ఆయిల్

సాంతియాగో దె క్యూబాలో మెట్లవీధి పక్క సందులో ఉండే ఎవెలియో రుస్తాన్‌కి మనుషుల మీద నమ్మకం తక్కువ. చక్కెర మిల్లులో లేత్ మీద పనిచేసిన ముప్పై ఒక్క ఏళ్లూ పనిముట్ల పెట్టెకి తాళం వేసి, చెవి మెడలో వేసుకు తిరిగాడు. రిటైరయ్యాక ఆ జాగ్రత్తంతా ముందుగదిలో నిలబెట్టుకున్న జావా మోటార్‌సైకిల్ మీదికి మళ్లింది. బండికి యాభై ఏళ్లు దాటాయి. లారీ లైనింగు కోసి దాని బ్రేకులకి అతికించాడు. కేబుళ్లు తనే కట్టుకున్నాడు. ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

ఆ వేసవిలో గేర్ బాక్సులో ఆయిల్ తగ్గడం మొదలైంది. శనివారం పుల్ల ముంచి చూస్తే గుర్తుకి వేలెడు కింద ఉంది. నింపాడు. మరుసటి శనివారం మళ్లీ అంతే. బండి కింద పాత పేపర్లు పరిచి చూశాడు, ఒక్క బొట్టు పడలేదు. కారకుండా ఎటు పోతుంది? ఎవరో తీస్తున్నారు.

ఇంటికి తాళంచెవులు రెండే. ఒకటి తనది, రెండోది వెనకగదిలో ఉంటూ ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే చెల్లెలు మిగ్దాలియాది. గోడ అవతల ఫ్లోరో లిమోంతా ఉన్నాడు. అతనిదీ జావాయే. నలభై ఏళ్లుగా ఇద్దరూ ఒకరి స్పానర్లు ఒకరు వాడుకుంటున్నారు. మరి అతని బండికి ఆయిల్ కొరత ఎప్పుడూ రాదేం?

ఎవెలియో ఆయిల్ మూతకి తల వెంట్రుక అంటించాడు. నేల మీద పౌడర్ చల్లాడు. వెంట్రుక తెగలేదు, పౌడర్లో అడుగు పడలేదు, ఆయిల్ మాత్రం తగ్గింది. ఇంకొకరైతే అనుమానం వదిలేసేవారు. ఎవెలియోకి మాత్రం అది ముదిరింది. ఇంత ఒడుపుగా తీయాలంటే పని తెలిసినవాడై ఉండాలి. ఆ సందులో తను కాక పని తెలిసినవాడు ఫ్లోరో ఒక్కడే.

తను లేనప్పుడు ఫ్లోరో వస్తున్నాడా అని చెల్లెల్ని డొంకతిరుగుడుగా అడిగాడు. రోజూ కాఫీకి వస్తూనే ఉన్నాడు కదా, ఇవాళ కొత్తగా అడుగుతావేమని ఆమె విస్తుపోయింది.

ఆదివారం సందులోవాళ్లంతా డొమినో ఆడుకునే బల్ల దగ్గర, అందరూ ఉండగా అనేశాడు.

“నా ఆయిల్ నీ బండికి బాగానే పట్టినట్టుంది ఫ్లోరో.”

గెలిచే ఆటని ఫ్లోరో మధ్యలో వదిలి లేచాడు. “పిలవకుండా నీ గడప ఎప్పుడు తొక్కాను రా?” అన్నాడు. జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఎవెలియో తాళం మార్చేశాడు, చెల్లెలికి రెండో చెవి ఇవ్వలేదు. పది రోజులు ఫ్లోరో కాఫీకి రాలేదు. అయినా ఆయిల్ తగ్గింది. దాంతో చెల్లెలి వైపు చూశాడు. దొంగచాటుగా ఇంకో చెవి చేయించావా అని అడిగాడు. మిగ్దాలియా ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

“అన్నయ్యా, నువ్వు బండి మీద ఎత్తు ఎక్కేటప్పుడు వెనక సైలెన్సర్లోంచి తెల్లటి పొగ సందంతా కమ్ముతోంది. నేను ఆరేసిన దుప్పట్లు ఆయిల్ కంపు కొడుతున్నాయి. ముందుకి చూస్తూ పోయేవాడివి, నీకేం కనబడుతుంది?”

“మరి చెప్పవేం?”

“చెప్తే, నా బండి మీద నీ కన్నెందుకని అడగవూ?”

ఎవెలియోకి ప్లగ్గు గుర్తొచ్చింది. రెండు నెలలుగా అది జిడ్డుకట్టి నల్లబడుతుంటే పెట్రోల్ కల్తీదని పోసినవాణ్ని తిట్టుకున్నాడు తప్ప ఇంజన్ని చూడలేదు. ఆ మధ్యాహ్నమే క్లచ్ విప్పి చూశాడు. దాని వెనక, క్రాంక్ దగ్గర ఆయిల్‌ని ఆపే రబ్బరు సీల్ ఎండిన కొబ్బరిచిప్పలా గట్టిపడి అంచు చిట్లింది. ఆ పగులులోంచి ఇంజనే గేర్ ఆయిల్ పీల్చి కాల్చేస్తోంది. మిల్లులో కుర్రాళ్లకి తను నేర్పిన పాఠమే ఇది.

ఊరంతా తిరిగినా సీల్ దొరకలేదు. ఫ్లోరో డబ్బాలో ఒకటుందని తెలుసు. వెళ్లి తలుపు తట్టాడు. ఫ్లోరో లోపలికి రమ్మనలేదు.

“సీల్ ఇస్తాను. నలుగురిలో దొంగన్నావు. కాదని ఆ నలుగురిలోనే చెప్పు.”

పదిమందిలో నవ్వులపాలు చేయడానికే ఈ ఎత్తు వేశాడేమోనని ఎవెలియో మూడు రోజులు తిండి సయించక తిరిగాడు. ఆదివారం వెళ్లి బల్ల దగ్గర నిలబడ్డాడు.

“ఆయిల్ ఎవరూ తీయలేదు. నా ఇంజనే తాగింది. ఫ్లోరోని అన్న మాట తప్పు,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఫ్లోరో చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఎవెలియో చెయ్యి తనని అడక్కుండానే పొట్లం విప్పి, సీల్ అంచుని వెలుగులో తిప్పి చూసింది. ఫ్లోరో అది గమనించాడు.

“బాగుందా?”

“బాగుంది.”

“అయితే కూర్చో.”

మర్నాడు సీల్ బిగించాడు. కొత్త తాళంచెవి మిగ్దాలియా చేతిలో పెడితే ఆమె కొంగున కట్టినంత జాగ్రత్తగా ఏప్రాన్ జేబులో వేసుకుంది. శనివారం పుల్ల ముంచితే ఆయిల్ గుర్తు దగ్గరే ఉంది. గోడ మీంచి ఫ్లోరోకి ఆ మాట చెప్పాడు.

“ఇంకో వారం చూడు,” అన్నాడు ఫ్లోరో.

అలా ఎందుకన్నాడా అని ఎవెలియో సాయంత్రం దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.