పరీక్ష హాలుకు రెండో తలుపు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, నన్ను మా కాలేజీ పరీక్షా కేంద్రానికి చీఫ్ సూపరింటెండెంట్‌గా వేశారు. పేరు ఘనంగా ఉంటుంది కానీ పని చాలావరకు గడియారం చూడడమే. ప్రశ్నపత్రాల కవరు సీలు ఇద్దరు ఇన్విజిలేటర్ల ఎదుట తీయాలి, వాళ్ల సంతకాలు పెట్టించాలి. పరీక్ష మొదలయ్యాక అరగంట దాకా ఆలస్యంగా వచ్చినవాళ్లను రానివ్వాలి, ఆ తర్వాత దేవుడొచ్చినా తలుపు తీయకూడదు. వాయిదా వేసే అధికారం మాత్రం మాకు లేదు. అది యూనివర్సిటీ పరీక్షల కంట్రోలర్ గారిది.

అప్పటికి ఏళ్ల తరబడి సైకాలజీ చెబుతున్నాను. తార్నాకలో ఇల్లు, క్యాంపస్‌లో ఉద్యోగం. పొద్దున్నే వేపచెట్ల కింద నడుచుకుంటూ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లడం కన్నా పెద్ద సుఖం నాకు తెలియదు. ఇప్పటికీ వాకింగ్‌కు ఆ దారినే వెళ్తాను. కాలేజీ రాతి మెట్లు కనిపించగానే ఆ రోజు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను.

ఆ రోజు ఎం.ఏ. చివరి సెమిస్టర్ వాళ్లకు గ్రూప్ బిహేవియర్ పేపర్. మనిషి గుంపులో చేరితే ఏమవుతాడన్నదే సబ్జెక్టు. చెప్పింది నేనే. వెళ్లేసరికి క్లాసంతా మెట్ల మీద కూర్చుని ఉంది. ముందు పేపర్‌కూ దీనికీ మధ్య ఒక్క రోజే గ్యాప్ ఇచ్చారట, వాయిదా వేస్తేనే రాస్తారట. మా క్యాంపస్‌కు ఇది కొత్త కాదు. ఒక్కరూ లోపలికి వెళ్లకపోతే పరీక్ష మళ్లీ పెట్టక తప్పదని పిల్లల నమ్మకం. అందుకే తెగించి ఎవరైనా ఒక్కరు లోపల అడుగుపెట్టారా, ఇక హాస్టల్లో మొహం చూపించలేరు.

క్లాస్ రిప్రజెంటేటివ్ రాజ్‌కుమార్ లేచి నిలబడ్డాడు. నల్లగొండ వైపు రైతుల ఇంటి పిల్లవాడు, మంచి గొంతు, మంచి మనసు. "ఎవ్వలు రాస్తలేరు సర్. అందరిదీ ఒక్కటే మాట" అన్నాడు. వెనక చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లలో స్వరూప చేతులూ ఉన్నాయి. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ అమ్మాయి. తండ్రి వర్క్‌షాపు నుంచి ఆ ఏడాదే రిటైర్ కాబోతున్నాడు, క్వార్టర్ ఖాళీ చేయాలి. మల్కాజ్‌గిరిలో ఒక స్కూలు ఆమెను కౌన్సెలర్‌గా తీసుకుంటానంది, జూన్‌లో బడి తెరిచేసరికి పాసైతేనే. స్కూలువాళ్లకు ఆమె గురించి చెప్పింది నేనే. పరీక్ష వాయిదా పడితే ఫలితాలు జూన్ దాటిపోతాయి, ఆ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది. అన్నీ తెలిసి కూడా ఆ పిల్ల చప్పట్లు కొడుతోంది. నాకు ఒళ్లు మండింది.

లోపలికి వెళ్తే, ఇన్విజిలేటర్ విజయలక్ష్మి గారు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు. కాకినాడ మనిషి, నాతోపాటే డిపార్ట్‌మెంట్‌లో చేరారు. "ఇదేం చోద్యమండీ మాస్టారూ. సెమిస్టరంతా చదివింది మెట్ల మీద చేసి చూపిస్తున్నారు" అన్నారు.

నేనూ కిటికీలోంచి చూశాను. పరీక్ష రాయననేవాడికి ప్యాడ్ ఎందుకు? ప్రతివాడి ఒళ్లో ప్యాడ్ ఉంది, జేబులో రెండు పెన్నులున్నాయి. కొందరి నుదుటి మీద గుడి కుంకుమ ఇంకా ఆరలేదు. ఒకమ్మాయి చున్నీ కింద నోట్సు దాచుకుని చదువుకుంటోంది. మరో సంగతి కూడా గమనించాను. ఎవరూ రాజ్‌కుమార్ వైపు చూడడం లేదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు.

హాల్ టికెట్ల తనిఖీ ఎప్పుడూ మెట్ల పైనున్న పెద్ద తలుపు దగ్గరే, అందరి కళ్లెదుట జరుగుతుంది. హాలుకు పక్కనున్న ఆఫీసు గదిలోంచి ఇంకో తలుపు ఉంది. దానికి ఎప్పుడూ తాళమే. ఆ తాళం తీయించాను. టైముకు కవరు తెరిచి, బయటికి వచ్చి, ఉపన్యాసాలేమీ ఇవ్వకుండా సంగతి చెప్పాను. నెంబర్ల వరుసలో ఒక్కొక్కరూ ఆఫీసు గదికి రావాలి, రాస్తారో రాయరో నాకు స్వయంగా చెప్పాలి. రాసేవాళ్లు అటునుంచటే హాల్లోకి, రాయనివాళ్లు వెనక వరండాలోంచి ఇంటికి. ఎవరు ఎటు వెళ్లారో బయట కనిపించదు.

"ఎట్లడిగినా ఒక్కటే మాట వస్తది సర్" అన్నాడు రాజ్‌కుమార్ ధీమాగా.

మొదటి కుర్రాడు లోపలికి వస్తూనే తలుపు మూశాడు. తర్వాత "నేనైతే రాస్త సర్, గని క్లాసోళ్లు" అంటూ నసిగాడు. హాల్లోకి పంపాను. రెండో అమ్మాయిదీ అదే మాట, మూడోవాడిదీ అదే. అందరికీ కూడబలుక్కున్నట్టు ఒకే వాక్యం. ఇద్దరు మాత్రం నిజంగానే చదవలేదని ఒప్పుకుని వరండా దారి పట్టారు. వాళ్ల మీద నాకు గౌరవం కలిగింది.

రాజ్‌కుమార్ వంతు వచ్చింది. తల దించుకుని, తెల్లారేదాకా చదివానని చెప్పాడు. మరి ఇదంతా ఏమిటని అడిగాను. "రాత్రి వాట్సాప్ గ్రూపుల ఎవలో పోస్ట్‌పోన్ అడుగుదామా అన్నరు సర్. ఒకలు సరే అన్నరు, ఇగ అందరూ అన్నరు. సీఆర్‌ను గదా, క్లాసుకు ఎదురు పోతనా?" అన్నాడు. ముందు నడుస్తున్నాడని నేననుకున్నవాడు కూడా వెనకే నడుస్తున్నాడు. వాణ్ణీ హాల్లోకి పంపాను.

స్వరూప నెంబరు చిట్టచివరిది. అరగంట కావస్తోందని విజయలక్ష్మి గారు లోపలినుంచి హెచ్చరించారు. స్వరూప వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను అడగకముందే, "నేను రాస్త సర్. ఉద్యోగం పోతే మా ఇంట్ల కష్టమైతది. గని వాళ్లకు తెల్వనియ్యకుండ్రి, రెండేండ్ల దోస్తులు" అంది.

నేను రెండో తలుపు తీశాను. ఆ ఇద్దరు తప్ప క్లాసంతా తలలు వంచుకుని రాస్తోంది. ఆమె గడప మీదే నిలబడిపోయింది. "అందరూ గీడనే ఉన్నరా సర్?" అంది మెల్లగా. తర్వాత కోపంగా రాజ్‌కుమార్ వైపు చూసింది. వాడు తల ఇంకా కిందికి వంచేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని, నవ్వుతూ వెళ్లి కూర్చుంది. జూన్‌లో ఉద్యోగంలో చేరింది.

ఆ సాయంత్రం తార్నాకలో చాయ్ దుకాణం దగ్గర రాజ్‌కుమార్ కనిపించాడు. పేపర్ ఎలా రాశావని అడిగితే, ఒక ప్రశ్న వదిలేశానన్నాడు. సభ్యులకు ఇష్టం లేని నిర్ణయాన్ని గుంపు ఎలా తీసుకుంటుందో ఉదాహరణతో రాయమన్న ప్రశ్న. రానిది కాదు కదా, ఎందుకు వదిలావన్నాను. "ఉదాహరణ మేమే గద సర్. రాసుడు షురూ జేసి కొట్టేసిన. సిగ్గయింది" అన్నాడు. చాయ్ నేనే ఇప్పించాను.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో సెక్రటరీ "అందరూ ఒప్పుకున్నారు" అంటే, విడివిడిగా అడిగారా అంటాను. ఆయనకు నేనంటే విసుగు. కానీ నేను నేర్చుకున్నది అదే. గుంపు మాట చాలాసార్లు గుంపులో ఎవరి మాటా కాదు. మనిషిని ధైర్యంగా ఉండమని బోధించే ముందు, ధైర్యం అవసరం లేని దారి ఒకటి చూపించాలి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పరీక్షల రోజుల్లో ఆ రెండో తలుపుకు తాళం వేయనివ్వలేదు.