రెండో పెట్టె

ఈ మాటను ఇన్నేళ్లు లోపలే మోశాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

పంతొమ్మిదివందల డెబ్భైల్లో బెజవాడలోని ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా పనిచేశాను. కుందేళ్ల మెదడు మీద పరిశోధన. ప్రొఫెసరుగారు కుందేలు పుర్రెలో సన్నని తీగలు అమర్చేవారు. ఆ తీగలకు తగిలించి, దాని వీపుమీద గుడ్డపట్టీతో కట్టే అగ్గిపెట్టెంత పరికరం తయారుచేయడం నా పని. అది మెదడుకు కొద్దిపాటి కరెంటు ఇచ్చేది, మెదడులోని తరంగాలను రేడియోలా పక్కగదికి పంపేది. కుందేలు మాత్రం మామూలుగా గంతులేస్తూ తిరిగేది. గవర్నర్‌పేట రేడియో షాపుల్లో విడిభాగాలు ఏరుకొచ్చి రెండు పెట్టెలు చేశాను. వచ్చినవాళ్లందరికీ ప్రొఫెసరుగారు వాటిని చూపించేవారు. నాకు గర్వం తలకెక్కింది.

కుందేళ్ల ఆలనాపాలనా యేసురత్నం గారిది. నాకంటే చాలా పెద్దవారు. రోజూ కంకిపాడు నుంచి సైకిలు మీద పచ్చగడ్డి తెచ్చేవారు.

ఉన్నట్టుండి కుందేళ్లు చనిపోవడం మొదలైంది. ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకుని పోయేవి. ఒకటి, రెండు, మూడు. ప్రొఫెసరుగారికి అందరి మీదా అనుమానమే. కుందేళ్ల గది తాళంచెవులు తన దగ్గరే పెట్టుకున్నారు. నీళ్లగిన్నెలు వాసన చూసేవారు. చివరికి నన్ను పిలిచి ఎవరిపని అయి ఉంటుందని అడిగారు. పొలాల్లో పురుగుమందులు కొడుతున్నారు కదండీ, ఆ గడ్డి... అని సగంలో ఆపేశాను. సగం మాట చాలని నాకు తెలుసు.

నిజంగా గడ్డినే అనుమానించానా? నా పెట్టె మీద లోలోపల పుట్టిన అనుమానాన్ని తీసుకెళ్లి ఆ మనిషి మీద పెట్టానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

శనివారం మధ్యాహ్నం యేసురత్నం గారు నా బల్ల దగ్గరికొచ్చారు.

"సారూ, గడ్డిలో ఏం లేదండీ. మా ఇంటో గేదె కూడా అదే తింటంది. ఆ రెండో పెట్టె కట్టినయ్యే పోతన్నాయండీ. మొదటిది కట్టినయ్యి బాగానే ఉన్నాయి గదా. ఒక్కసారి ఇప్పి చూడండి సారూ."

"నా పని నాకు తెలుసండీ. మీ పని మీరు చూసుకోండి," అన్నాను.

ఆయన కుందేళ్ల వైపు వెళ్లిపోయారు.

మర్నాడు ఉదయం, ఆయన చర్చిలో ఉండే వేళ చూసుకుని, ఒక్కణ్ణే నా పనిగదికి వెళ్లి ఆ పెట్టె విప్పాను. కరెంటును అదుపుచేసే రెసిస్టర్ మీద నారింజరంగు గీత ఉండాలి. ఎర్రగీత ఉంది, అంటే కరెంటును ఆపే శక్తి పదోవంతే. ఆ మూగజీవాల మెదళ్లలోకి పదిరెట్లు కరెంటు పంపాను. మొదటి పెట్టెను పరీక్షించి, రెండోదీ అలాగే ఉంటుందిలే అని వదిలేశాను. ముక్క మార్చి, అతికించి, మూత బిగించి ఇంటికొచ్చి భోజనం చేశాను. అన్నం సహించింది కూడా.

సోమవారం ప్రొఫెసరుగారు యేసురత్నం గారి ఎదుటే నన్ను అడిగారు, పెట్టెల్లో లోపమేమన్నా ఉందా అని. రెండూ బాగానే ఉన్నాయండీ అన్నాను. ఆ క్షణానికి అది నిజమే. యేసురత్నం గారు నా మొహంలోకి చూశారు. నేను గోడవైపు చూశాను. ఆ రోజే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత ఒక్క కుందేలూ చావలేదు. ఇంతకంటే రుజువేం కావాలన్నారు ప్రొఫెసరుగారు. నేను తల ఊపాను.

జీవాలకు విషం పెట్టాడన్న పేరు ఆయన వెంట ఊరిదాకా వెళ్లింది. పాడి ఉన్నవాళ్లు కొట్టం దగ్గరికి రానివ్వలేదట. కాలవ పనుల్లో తట్టలు మోశారట. కొన్నేళ్లకు పోయారని విన్నాను. ఒకసారి మంగళగిరి బస్సులో ఆయన భార్య కనబడితే, గుర్తుపడుతుందేమోనని నా స్టాపు రాకముందే దిగిపోయాను. అప్పటినుంచీ ఎవరు నన్ను రెండుసార్లు చూసినా, వీళ్లకు తెలిసిపోయిందా అని తల తిప్పేసుకుంటాను.

క్షమించమని అడగడానికి ఆయన లేరు. ఉంటే అడిగేవాణ్ణా? ఏమో.

యేసురత్నం గారు ఏ ప్రాణినీ చంపలేదు. చంపింది నేను. తెలిసీ ఆ నింద ఆయన మీద పడనిచ్చాను. ఈ మూడు మాటలూ కాగితం మీద పెట్టడానికి ఇంతకాలం పట్టింది. పెట్టాను. కాస్త ఊపిరాడుతోంది.