మేబెల్ టీచర్ గేటు గడియ

బిక్షం గడియ చువ్వను రెండు వేళ్ళతో పైకెత్తి వదిలాడు. అది స్తంభానికున్న గొట్టంలో బొటనవేలి గోరంత లోతు దిగి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాడు, వదిలాడు. అంతే. గేటును మోకాలితో మెల్లగా నెట్టి చూశాడు. చువ్వ ఎగిరి బయటపడింది, గేటు తెరుచుకుంది.

జామచెట్టుకు కట్టేసి ఉన్న బ్రౌనీ ఒక్కసారి మొరిగింది.

"చూశావా, దానికీ తెలుసు ఎవరో పాడుచేశారని," అంది మేబెల్ టీచర్.

"జెర ఆగుండ్రి టీచరమ్మా. నన్ను చూడనీయిండ్రి."

ఆరేళ్ళ కిందట నేరేడ్‌మెట్‌లోని ఆ ఇంటికి గేటు చేసింది బిక్షమే. భువనగిరి వైపు నుంచి కూలికొచ్చి, ఓ వెల్డింగ్ షాపులో ఇనుము మోస్తూ, మేస్త్రీ చెయ్యి చూసి చూసి పని పట్టుకున్నాడు. అడిగితే తిట్లే తప్ప చెప్పినవాళ్ళు లేరు. అందుకే ఎవరేమన్నా వింటాడు గానీ, వేలితో తడిమి చూశాకే నమ్ముతాడు. తను చేసిన ప్రతి గేటుకూ కింది మడతబందు పక్కన రెండు చుక్కలు పెట్టుకుంటాడు. అదే అతని సంతకం.

మొన్న క్రిస్మస్ దాటాక బ్రౌనీ మూడుసార్లు రోడ్డెక్కింది. మూడోసారి పక్కింటి అనసూయమ్మ కూరగాయల సంచితో వస్తుంటే మీదికి దూకింది. ఆమె పడిపోయింది, మణికట్టు బెణికింది. ఆమె భర్త సదాశివ కాలనీ సంఘానికి కాగితం రాసిచ్చాడు. కుక్క ఇంకొక్కసారి బయట కనిపిస్తే మున్సిపాలిటీ బండిని పిలుస్తామని సంఘం వాళ్ళు తేల్చేశారు. రేపు ఆదివారం మీటింగు.

మేబెల్ టీచర్ గొంతు తగ్గించింది. "నా కళ్ళతో చూశాను బిక్షం. పొద్దున్నే ప్రార్థన చేసుకుంటుంటే టక్ టక్‌మని చప్పుడు. కర్టెన్ తీస్తే ఏముంది, ఆయన చెయ్యి గేటు లోపల, గడియ మీద! కుక్కని వదిలేదీ ఆయనే, కంప్లైంట్ ఇచ్చేదీ ఆయనే. ఎవరో బయట్నుంచి తీస్తున్నారని రేపు మీటింగులో ఒక్క మాట చెప్పు. గేటు చేసినవాడివి, నీ మాట వింటారు."

అప్పుడే గోడ అవతల సదాశివ తల లేచింది. "ఏం బిక్షం, కొత్త గడియనా? కావాలని ఇడ్శిపెట్టేటోళ్ళకు గడియలెందుకయ్యా! లేకుంటే నీ పనే గిట్ల కచ్చగున్నదా?"

బిక్షం చెవులు వేడెక్కాయి. సదాశివ తీస్తున్నాడంటే గేటు మంచిదే. తీయడం లేదంటే తన పనే చెడ్డది. టీచరమ్మ అడిగిన ఆ ఒక్క మాట చెబితే ఆమె కుక్కా దక్కుతుంది, తన పేరూ దక్కుతుంది. పైగా ఈ సదాశివ ఏమన్నా తక్కువ మనిషా? గేటు పెట్టిన రోజే, జానెడు రోడ్డు మీదికొచ్చిందని టేపు తెచ్చి కొలిచినవాడు! చేసే ఉంటాడు, అనుకున్నాడు.

అనుకుంటూనే చువ్వను పిడిగా వంచిన చోట వేలితో తడిమాడు. కింది వైపు రంగు నున్నగా ఉంది. పైన మాత్రం పెచ్చులు లేచి, ఇనుము సొట్టలు పడింది. తలెత్తి చూస్తే, గేటు పక్క గోడ మీద పిడికెడు రాయి. దాని కొసకు గేటు నీలిరంగే అంటుకుని ఉంది.

గడియ తీసేవాడు కిందనుంచి ఎత్తుతాడు. పైనుంచి రాయితో ఎందుకు కొడతాడు? దిగనిదాన్ని దించాలంటేనే కొడతారు.

గొట్టంలో మేకు పెట్టి పొడిచాడు. గట్టిగా తగిలింది. సన్న ఉలితో పెకలిస్తే వేలెడు మందాన గడ్డకట్టిన రంగు బిళ్ళ ఊడొచ్చింది. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద మీగడ రంగు, మళ్ళీ నీలం.

"టీచరమ్మా, ఈ గొట్టంల రంగు ఎవరు పోసిన్రు?"

"నేనే. ప్రతి క్రిస్మస్‌కీ గేటుకి నా చేత్తోనే రంగేస్తాను కదా. లోపల తుప్పు పట్టకుండా అందులోనూ ఓ చెంచాడు పోస్తాను. నీ గేటుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నానో!"

బిక్షం రాయి చేతిలోకి తీసుకుని గోడవైపు తిరిగాడు. "సదాశివ సార్, ఇది మీదేనా?"

సదాశివ ఇంట్లోకి మళ్ళబోయాడు. లోపల్నుంచి అనసూయమ్మ కట్టు కట్టిన చేత్తోనే వచ్చింది. "చెప్పరాదుండ్రి! పాలకు పోయినప్పుడల్లా కొట్టొస్తున్నరు గద!"

"కొడ్తున్న, అయితేంది? గడియ ఊగుతుంటది. ఆ కుక్క మళ్ళ ఈమె మీద పడితే? చెప్తే గేటు మీద చెయ్యేసిండంటరు. అననే అంటిరి! కొట్టి కొట్టి యాష్టకొచ్చి, ఇసిగిపోయే కాగితం రాసిన."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా సదాశివ గారూ?"

"మీరు మొఖం చూస్తే గద టీచర్, అననీకి!"

"కొట్లాట బంద్ జెయ్యుండ్రి," అన్నాడు బిక్షం. "తప్పు నాది. చూడ సక్కగుండాలని గొట్టం అడుగున రేకు బిళ్ళేసి మూసిన. మూయకుంటే పోసిన రంగు కిందికి కారిపోతుండె. రేపు మీటింగుల గదే చెప్తా."

మేబెల్ టీచర్ అతన్ని ఎగాదిగా చూసింది. "ఆయన వైపు మాట్లాడుతున్నావా?"

"గొట్టం వైపు మాట్లాడుతున్న."

గ్రైండర్‌తో అడుగునున్న రేకు బిళ్ళ కోసేశాడు. మిగిలిన రంగంతా గీకాడు. అంచులు ఆకురాయితో నున్నగా రాశాడు. చువ్వకు చుక్క నూనె వేసి వదిలితే, ఠంగున పిడి దాకా దిగింది. బ్రౌనీని విప్పమన్నాడు. అది పరుగెత్తుకొచ్చి రెండు కాళ్ళతో గేటును గుద్దింది. గేటు అదిరింది. చువ్వ కదలలేదు.

"బయట్నుంచి నేను సుత చూస్త," అంటూ వచ్చాడు సదాశివ.

"చూసుకోండి. చెయ్యి మాత్రం లోపల పెట్టకండి," అంది టీచర్.

అతను చేతులు వెనక్కి కట్టుకుని, భుజంతో మూడుసార్లు నెట్టాడు. తర్వాత పక్కకు జరిగాడు.

బిక్షం రాయిని పనిముట్ల సంచిలో వేసుకున్నాడు. రంగు బిళ్ళను టీచర్ అరచేతిలో పెట్టాడు.

"ఇగ గొట్టంల ఏం పొయ్యకుండ్రి," అని, గేటు తెరుచుకుని బయటికొచ్చి, గడియ వేసుకొమ్మన్నాడు. ఆమె లోపల్నుంచి వేసింది.