పట్టీలో లేని గడి

శక్తినగర్ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు రాయచూరు బజారులో ఎరువుల దుకాణం ఉందట. సరుకు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు ఆలుమగలిద్దరినీ మధ్యధరా సముద్రంలో ఓడ ఎక్కిస్తున్నారు. ఓడ ఆగే ఊళ్లలో చూడదగ్గ చోట్ల పట్టీ తీసి ఆయన నా ఒళ్లో పెట్టారు.

“తమ్మీ, ఊరికి ఒక్కటే టిక్కు పెట్టాల్నంట. ఇయ్యాల సాయంత్రమే ఆఖరు. జర నువ్వు చెప్పు.”

నేను రాయచూరు పక్కనున్న మట్మారి దాటినవాణ్ణి కాను. అయినా సలహాకు పాస్‌పోర్టు అడగరు కదా.

“అన్నీ కూలిన గోడలే కాకా. మన రాయచూరు కోట చూసినోళ్లకు గివేం కొత్త?”

ఆయన నవ్వలేదు. “మా ఇంటామెకు కండ్లు పోతున్నయి. ఆరు నెలలే అన్నడు డాక్టర్ సాబ్. ఆమె ఆఖరుకు ఏం చూడాల్నో నేనెట్ల టిక్కు పెట్టాలె?”

ప్రతి ఏడుపుకూ నా దగ్గర ఒక జోకు ఉంటుంది. ఆ రోజు దాన్ని జేబులోనే ఉంచుకున్నాను.

“చిన్నమ్మనే అడగరాదా?” అన్నాను.

“అడిగిన. ముప్పై ఏండ్ల సంది దుకాణంల నా ఈపే చూసిందంట. ‘ఏడికీ వద్దు, నా ముంగట కూసో’ అంటది. ఓడలనే కూసుండేటోళ్లు యాడ టిక్కు పెట్టాలె?”

పట్టీని ముందూ వెనకా తిప్పి చూశాను. అలాంటివాళ్లకు గడి లేదు. పెన్ను తీసుకుని అడుగున ఒకటి గీసిచ్చాను.

బస్సు కుదుపుల వల్లే కావచ్చు, ఆయన పెట్టిన టిక్కు వంకరగా వచ్చింది.