షాకిల్‌ఫర్డ్ గుర్రాలేం తింటాయో

మా ఆడపడుచు డెల్ఫియా పదకొండేళ్లు హార్కర్స్ దీవిలో పీతల మాంసం ఒలిచే కూలిపని చేసి, నలభై దాటాక యూనివర్సిటీలో చేరింది. జలసంధికి అవతల షాకిల్‌ఫర్డ్ ఇసుకతిన్నెల మీద తిరిగే అడవి గుర్రాలు చలికాలంలో ఏం తిని బతుకుతాయన్నది ఆమె పరిశోధన.

మా మామగారు ఆర్విన్ రోజూ ఆమెను పడవలో అక్కడ దింపి, తీసుకొచ్చేవాడు. గుర్రాలు మేసే గడ్డి పేరు ఆమె పుస్తకంలో రాసుకునేది, లద్దె సంచుల్లోకి ఎత్తుకొచ్చేది.

"మా అమ్మ దీన్ని ఎరువనేది. నువ్వు చదువంటున్నావు," అని ఏడిపించేవాడాయన.

మొదటి చలికాలం గడిచాక చిక్కొచ్చి పడింది. పుస్తకంలో ఉన్నదంతా తిన్నెల మీది గడ్డే. లద్దెను సూక్ష్మదర్శినిలో చూస్తే సగానికి సగం బురదమడుల్లో పెరిగే ఉప్పుగడ్డి. రెండింట్లో ఏదో ఒకటి తప్పన్నాడు ప్రొఫెసరు. ఆ పూట డెల్ఫియా ఆల్చిప్పల పులుసు ముందు పెట్టుకుని ముట్టలేదు.

"నాకు చూడటమే రాదేమో నాన్నా."

మామగారు చెంచా కింద పెట్టాడు. "నిన్ను దింపేది ఎప్పుడే?"

"పోటు మీద. లేకపోతే పడవ ఒడ్డుకు పోదుగా."

"తెచ్చేది?"

"నీళ్లు తగ్గకముందే."

"మరి ఆ గడ్డి నీళ్లలో మునిగుంటే గుర్రాలు ఎట్లా మేస్తాయే పిచ్చిదానా! తప్పు నీది కాదు, నా పడవది."

మర్నాడు ఇద్దరూ వెళ్లి, నీళ్లు వెనక్కి తగ్గినా తిరిగి రాలేదు. పడవ బురదలో కూరుకుపోయింది. చలిగాలిలో మూడు గంటలు కూర్చున్నారు. అప్పుడు ఒక ముసలి ఆడగుర్రం తిన్నె దిగి, మోకాళ్ల లోతు బురదలోకి నడిచింది. మంద మొత్తం దాని వెనకే వచ్చి ఉప్పుగడ్డి మీద పడింది. మామగారు గుక్క తిప్పుకోకుండా ఆ ముసలిది గడ్డి ఎన్నిసార్లు కొరికిందీ లెక్క చెబుతుంటే, డెల్ఫియా నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ రాసుకుంది.

మరో రెండు చలికాలాలు ఆటుపోట్లను బట్టి మళ్లీ మొదటినుంచీ చూసింది. పట్టా వచ్చింది. ఇప్పుడు ఆ గుర్రాల మేత గమనించడమే ఆమె ఉద్యోగం.

పోయిన వారం నన్నూ తీసుకెళ్లింది. పిల్లగుర్రాన్ని చూసి అబ్బా అన్నానో లేదో, "మాట్లాడకు వదినా! అది చెవులు ఇటు తిప్పి మేత ఆపిందంటే నా పొద్దంతా దండగ," అని కసిరింది. సాయంత్రందాకా నోరు మూసుకుని ఇసుకలో కూర్చున్నాను. హాయిగానే ఉంది.