కుర్చీకి కప్పిన శాలువా

మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఆకులు ఊదే మనిషి మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. శనివారం పొద్దున్న ఏడింటికి వీపుకి యంత్రం తగిలించుకుని వస్తాడు. మా బిల్డింగ్ ముందున్న ఆకులన్నీ పక్క బిల్డింగ్ ముందుకు ఊదుతాడు. మంగళవారం ఇంకొకాయన వచ్చి వాటిని మళ్ళీ మా వైపుకి ఊదుతాడు. అమెరికాలోని ఈ మోరిస్‌విల్ ఊరికి వచ్చిన ఆరేళ్ళలో ఆ ఆకుల్ని ఎవరైనా ఎత్తి పారేయడం నేను చూడలేదు. మేనేజర్‌కి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. రెండు వాక్యాలయ్యాక తెలిసింది, నేను రాయాల్సిన ఉత్తరం ఇది కాదని.

పదేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మరీ పెద్దదేం కాదు, లాప్‌టాప్ బ్యాగంత ఉంటుంది. అందుకే ఇన్నాళ్ళూ మోయగలిగాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం సులువు.

అప్పట్లో న్యూజెర్సీలో పీహెచ్‌డీ చేసేవాణ్ణి. నా విషయం, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఫ్రాన్సులో ప్రదర్శన కళ, తీవ్ర రాజకీయాలు. నేనుండే పార్సిప్పనీలో మనవాళ్ళెవరైనా ఏం చదువుతున్నావని అడిగితే డాక్టరేట్ అని ఊరుకునేవాణ్ణి. ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు. నేను చదివిన పారిస్ కళాకారులు మాత్రం ఊరుకునే రకం కాదు. ఒకాయన ఖాళీ గదిని ప్రదర్శనగా పెట్టాడు, జనం బారులు తీరారు. కొందరు వేదిక మీద కారుని పగలగొట్టి, ఒకరి మీద ఒకరు ఉడికిన సేమ్యాలాంటి స్పగెట్టి విసురుకున్నారు. మన తలంబ్రాల లాగానే, కాకపోతే కోపంగా. స్వాతంత్ర్యం అడిగిన అల్జీరియాలో తమ సైన్యం చేస్తున్న పనికి దేశం కళ్ళు మూసుకుంటే, మర్యాదగా కూర్చున్న ప్రేక్షకుణ్ణి కదిలించడమే రాజకీయమని వాళ్ళ వాదం. ప్రమాదాన్ని తన నెత్తిన వేసుకోనివాడు కళాకారుడు కాడని నేను మూడు వందల పేజీలు రాశాను.

నాటకాలు చదివే కుర్రాడు దొరికాడని తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి పిల్లల స్కిట్ నాకు అప్పజెప్పారు. అలా మేఘన పరిచయమైంది. పదిహేడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. ఇరవై ఏడేళ్ళ నన్ను అంకుల్ అనేది. ఆ విషయంలో ఆమెను నేనింకా క్షమించలేదు. వాళ్ళ నాన్న గుండె డాక్టరు, సంఘం పెట్టినవాళ్ళలో ఒకరు. మేఘనకి ఒక కాలేజీలో థియేటర్ కోర్సుకి సీటొచ్చింది. డాక్టరు గారు కాదనలేదు, అవుననలేదు. "ఉగాదికి స్టేజ్ మీద చూసి చెప్తానమ్మా" అన్నారట. ఆ మాట మేఘన నాకు మొదటి రోజే చెప్పింది. అంటే నాకు తెలుసు. ఈ వాక్యం గుర్తుంచుకోండి, నేను దాన్ని తప్పించుకోవడానికి చాలా కష్టపడ్డాను.

మన సంఘాల్లో సన్మానాల సంగతి మీకు చెప్పాలా? పాటలు ఒక గంట, శాలువాలు రెండు గంటలు. దాని మీదే స్కిట్ రాశాను. వేదిక మీద ఒక ఖాళీ కుర్చీ. మేఘన దాని సేవల్ని పొగుడుతూ సన్మానపత్రం చదువుతుంది, ఒకదాని మీద ఒకటిగా శాలువాలు కప్పుతుంది. అంతే. ఎక్కడా నవ్వకూడదు.

"డాడీకి కోపం వస్తుందా, అంకుల్?" అని అడిగింది.

ఎవరికీ కోపం రాకపోతే అది ఆర్ట్ కాదన్నాను. ఏదైనా అయితే రాసింది నేనేనని చెప్తానని కూడా అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

శాలువాలు ఎక్కడివి? తెర వెనక అట్టపెట్టెలో ఉన్నవే. ఆ సాయంత్రం నిజంగా కప్పాల్సినవి. వాటినే వాడమన్నాను. తర్వాతి అంశం ఏమిటో నాకు తెలియదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. తెలియకపోవడమేమిటి? కార్యక్రమాల జాబితా టైప్ చేసింది నేనే. తర్వాతి అంశం డాక్టరు గారికి సన్మానం. కుర్చీ మీంచి తీసిన శాలువా మనిషికి కప్పాల్సి వస్తే హాలు ఏం చేస్తుందో చూడాలనుకున్నాను. పుస్తకాల్లో చదివిందే. ఒక్కసారి కళ్ళారా చూద్దామని.

చూశాను. మేఘన అద్భుతంగా చేసింది. ఆమె అమెరికా యాసలో "ఈ కుర్చీ ఎవరికీ ఎదురు చెప్పలేదు" అంటుంటే ముందు వరుస నిజంగానే చప్పట్లు కొట్టింది. అందరూ నవ్వారు. తర్వాత అధ్యక్షులు డాక్టరు గారిని పైకి పిలిచి, పెట్టెలోకి చూసి, ఖాళీగా ఉంటే ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీ మీంచి పై శాలువా లాగి ఆయన భుజాల మీద వేశారు. అప్పుడు వచ్చిన నవ్వు వేరు. ముప్పై ఏళ్ళు వాళ్ళందరి బీపీలు చూసిన మనిషి, చేతులు జోడించి, ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడ్డారు.

స్టేజ్ దిగాక, సంఘం హాలు అద్దెకు తీసుకున్న స్కూలు కారిడార్‌లో నా దగ్గరికొచ్చారు. శాలువా చక్కగా మడతపెట్టి చేతిలో పట్టుకున్నారు. పక్కనే మేఘన.

"బాబూ, ఇది నీ ఆలోచనా?"

"లేదండీ. నేను వేరే స్కిట్ ఇచ్చాను. తనే మార్చుకుంది."

మేఘన నా వైపు చూసింది.

"సరేలే" అన్నారు ఆయన. "పులిహోర ఉంది, తినేసి వెళ్ళు."

తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

ఎందుకలా అన్నాను? అప్పటికి జంట టవర్లు కూలి మూడేళ్ళే అయింది, నాది స్టూడెంట్ వీసా, థీసిస్ పేరులోనే తీవ్రవాదానికి దగ్గరి మాట ఒకటుంది, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏమవుతుందోనని భయపడ్డాను అని కొంతకాలం అనుకున్నాను. బాగానే ఉంది కారణం. కాకపోతే కుర్చీకి శాలువా కప్పినందుకు ఏ దేశమూ ఎవర్నీ వెనక్కి పంపినట్టు వినలేదు. నిజం చాలా చిన్నది. ఆయన నన్ను మంచి కుర్రాడనుకునేవారు. ఇంకొక్క అరగంట అలాగే అనుకోవాలనిపించింది.

మేఘన ఆ కోర్సులో చేరలేదు. ఫార్మసీలో చేరిందని విన్నాను. నేను థీసిస్ పూర్తి చేశాను. అందులో, ప్రదర్శకుడి బాధ్యత గురించిన అధ్యాయంలో, ఒక ఫుట్‌నోట్ ఉంది: ప్రవాస సముదాయంలో నేను గమనించిన ఒక ప్రదర్శన అని. గమనించానట! కమిటీలో ఒకాయనకి ఆ ఫుట్‌నోట్ బాగా నచ్చింది. డిగ్రీతో ఉద్యోగం రాలేదు కాబట్టి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాస్తున్నాను. దాన్ని శిక్ష అనుకుందామంటే జీతం బాగానే ఇస్తున్నారు.

పోయిన నెల నా బీపీ మాత్రల కోసం ఫార్మసీకి వెళ్ళాను. కౌంటర్ వెనక తెల్లకోటులో మేఘన, ఈ ఊరికి ఎప్పుడొచ్చిందో. పుట్టినతేదీ అడిగింది, చెప్పాను. పేరు చూసి తలెత్తింది. నా వెనక ఎవరూ లేరు. అదే అదను అనుకున్నానో, అదే దురదృష్టం అనుకున్నానో, మొత్తం చెప్పేశాను. అట్టపెట్టె, జాబితా, కారిడార్, ఫుట్‌నోట్ కూడా. సారీ అన్నాను. చెబుతున్నంతసేపూ ఆమె మాత్రల సీసా మీద చీటీ అంటిస్తూనే ఉంది. చెప్పడం అయిపోయాక నాకు హాయిగా ఊపిరాడింది. ఆ హాయి చూసి నాకే సిగ్గేసింది. అయినా అబద్ధమెందుకు, హాయిగానే ఉంది.

వాళ్ళ నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాను. రిటైరయ్యి అల్ఫారెట్టాలో ఉంటున్నారట.

"నేను ఆ రోజే చెప్పాను, కార్‌లో," అంది. "డాడీ నమ్మలేదు. ఆ అబ్బాయి లై చేయడు అన్నాడు."

సీసాని సంచీలో పెట్టి నా వైపు జరిపింది.

"నాకెందుకు చెప్తున్నారు, అంకుల్? నాకు తెలుసు కదా. డాడీకి చెప్పండి."